అంచు వరస గోధుమలు

జనవరి 12

ఒరేయ్ గింజా,

నీకు జుట్టు నెరుస్తోందని మొన్న పంపిన ఫొటోలో చూశాను. అయినా నాకు నువ్వు గింజవే. పుట్టినప్పుడు అంతే ఉన్నావు మరి, దోసిట్లో పట్టేవాడివి.

ఇక్కడ పొద్దుటి మంచు ఎంతకీ విడవడం లేదు. బేకరీ తలుపు తీస్తే వీధి ఉండదు. తెల్లగా ఏదో ఉంటుంది. అందులోంచి మనుషులు ఒక్కొక్కరే పుట్టుకొచ్చి రొట్టె అడిగి, మళ్ళీ అందులోనే కలిసిపోతారు. మీ బావ వెనక పొయ్యి దగ్గర, నేను ముందు గదిలో. గోధుమ నా పేగులకి పడదని డాక్టరు తేల్చినప్పట్నుంచీ పిండి గదిలోకి అడుగు పెట్టలేదు. కట్టిన పొట్లాలు అందించడం వరకే నా పని. రొట్టెలమ్మే ఇంట్లో ఆడదానికి రొట్టె పనికిరాదట! దీనికి నవ్వాలో ఏడవాలో తెలియక మీ బావ నన్ను చూసినప్పుడల్లా చేతులు తుడుచుకుంటాడు.

అసలు సంగతికి వస్తాను. వాగు దాటాక ఒక పొలం చుట్టూ ఇనుప కంచె వేశారు. లోపల గోధుమ మొలిచింది. బోర్డు మీద మీ సంస్థ పేరుంది. మిల్లు పెద్దాయన తెలుసుగా, మా సంఘ పెద్దల్లో ఆయన మాటే మాట. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, "అది మార్చిన గోధుమ. దానికి చేప నెత్తురు ఎక్కించారు" అన్నాడు. ఆయన అన్నాడంటే ఊరంతా అన్నట్టే.

అది నీదేనా?

నిన్న ఒక కల వచ్చింది. గోధుమ చేలో నడుస్తున్నాను. వెన్నులన్నీ నావైపు తలలు తిప్పాయి, పేరు పెట్టి పిలిస్తే పలుకుతామన్నట్టు. నాకేమో ఒక్క పేరూ గుర్తు రాలేదు.

చలికి చెవులు కప్పుకో. పెద్దవాడివయ్యావని చెవులు ఊరుకోవు.

మీ అక్క


జనవరి 27

అక్కా,

నాదే. నీకు ముందే చెప్పాల్సింది. మొలిచేదాకా నోరు తెరవకూడదనుకున్నాను. మొలిచాక వెన్ను వేసేదాకా అనుకున్నాను. ఇలా వాయిదా వేస్తూ కూర్చుంటే మిల్లు పెద్దాయన నాకన్నా ముందు చెప్పేశాడు.

చేపా లేదు, కప్పా లేదు. గోధుమలో ఒక రకం మాంసకృత్తు ఉంటుంది, నీ పేగుల్ని కోసేది అదే. దాన్ని తయారు చెయ్యమని గింజకి లోపల్నించి ఒక మాట అందుతూ ఉంటుంది. మేము ఆ మాట గింజకి వినబడకుండా చేశాం, అంతే. పూర్తిగా వినబడకుండా పోయిందో లేదో ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే ఆ పొలం.

ఇక్కడ మా గాజుగదిలో దీపాలు ఆరవు. మొక్కల్ని తొందరగా పెంచాలని మేము వాటికి సాయంత్రాన్ని లేకుండా చేశాం. అక్కడ కూర్చుంటే నాకూ పొద్దు తెలియదు. ఒక్కోసారి కళ్లు మూసుకుంటే మీ బేకరీలో కిటికీలోంచి పడే ఎండ, అందులో తేలే పిండి కనిపిస్తాయి. ఆ పిండిలో నువ్వు మునుపట్లా అటూ ఇటూ తిరుగుతూ ఉంటావు. ఈ పని మొదలుపెట్టింది ఎవరి కోసమని మా డైరెక్టరు అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పాను. నీకు మాత్రం నిజం చెబుతున్నా. నీ కోసమే.

మొన్న రేడియో వాళ్లు వచ్చి మాట్లాడించారు. మైకు చూస్తే నాకు నాలుక మడత పడుతుంది. ఏం వాగానో నాకే గుర్తులేదు.

అప్పుడప్పుడు ఆ పొలం వైపు వెళ్లి చూసి ఎలా ఉందో రాయవా? కంచె మాత్రం దాటకు. లోపలి గింజ బయటికి, బయటి కాలు లోపలికి పోకూడదని మా ఒప్పందం.

బావని అడిగానని చెప్పు.

నీ గింజ


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

రేడియోలో నిన్ను విన్నాం. మేమొక్కళ్లమే కాదు, ఊరంతా విన్నది.

"మా అక్క ఒక రొట్టెలవాడి భార్య. చర్చిలో అందరూ పంచుకునే ప్రభువు బల్ల రొట్టె పళ్లెం తన ముందు నుంచి పోతుంటే తల వంచుకుని కూర్చుంటుంది" అన్నావు. ఎంత చక్కగా చెప్పావురా! ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చున్నది ఎందుకనుకున్నావు? ఎవరూ చూడకూడదనే. నా కడుపుని కరపత్రం చేసి పంచిపెట్టావు.

ఇప్పుడు ఆరాధనకి వెళితే ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని నిమురుతున్నారు. జాలి కూడా బరువేనని నాకు ఇంతకు ముందు తెలియదు. కుర్రాళ్లేమో, "ఈవిడ వంక పెట్టి ఆ గోధుమని రొట్టెలోకి తెస్తారు" అంటున్నారు. పాస్టరుగారు ప్రసంగంలో, దేవుడు విత్తనానికి ఇచ్చిన మాటని మనిషి దిద్దవచ్చా అని అడిగారు. అడిగి, జవాబు చెప్పకుండానే కూర్చున్నారు. అంత నిజాయితీగా ఆయన ఎప్పుడూ ప్రసంగించలేదు.

తర్వాత హాల్లో వాదులాట. బడిపంతులు, "అంటుకట్టిన చెట్టు పండు తినడం లేదా? కళ్లజోడు పెట్టుకోవడం లేదా?" అన్నాడు. కుట్టుపని చేసే ముసలమ్మ, "ఆకలిగా ఉన్నవాడి కోసమైతే దేవుడు వద్దంటాడా నాయనా?" అంది. మిల్లు పెద్దాయన ఒక్కసారి బల్ల చరిచి, "దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు. మా గోధుమలో అది ఒక్క గింజ కలిసిందని తెలిస్తే కొనేవాడు గుమ్మం ఎక్కడు" అన్నాడు. అప్పుడందరూ నా వైపు తిరిగారు. నాకేం తోచక లేచి, "నా కోసం ఆ గోధుమ బల్ల మీదికి రానక్కర్లేదు" అని చెప్పి వచ్చేశాను.

పొలం చూడమన్నావు. చూడలేదు.

అక్క


మార్చి 3

అక్కకు,

పత్రికలో వచ్చింది. "శాస్త్రవేత్త సోదరే వ్యతిరేకిస్తోంది" అని. ఎవరో కత్తిరించి మా భోజనాల గది గోడకి అంటించారు. కాఫీ కోసం వెళ్లిన ప్రతిసారీ చదువుతున్నాను.

రేడియోలో నేను చెప్పింది తప్పే కావచ్చు. కానీ ఆ గోధుమ వద్దని నిండు సభలో లేచి చెప్పేటప్పుడు, నన్నొక్క మాట అడగాలనిపించలేదా?

నీకు నా పని అక్కర్లేదంటే అక్కర్లేదు. పొలం చూడమని ఇంక అడగను.

ఇట్లు,
తమ్ముడు


మార్చి 25

నాన్నా గింజా,

"ఇట్లు తమ్ముడు" అని బ్యాంకు మేనేజరులా సంతకం పెట్టావు. ఆ కాగితం తీసి పెట్టుకుని తెగ నవ్వాను. తర్వాత ఏడ్చాను. నేను వద్దన్నది నీ పనిని కాదురా. నా పేరు చెప్పి ఎవరూ ఎవరి మీదా ఏదీ రుద్దకూడదని. పత్రికవాడికి అంత మాట పట్టదు, సగమే పట్టింది.

చూడనన్నాను కానీ చూశాను. పొద్దున్నే వాగు దాటి వెళ్లాను. మంచులో పొలం నేల మీద ఉన్నట్టు లేదు. గాలి లేకపోయినా చేను కదులుతోంది, చర్చిలో అందరూ ఎవరి ప్రార్థన వాళ్లు గొణుక్కున్నట్టు చప్పుడు. అచ్చం నా కలలోలాగే వెన్నులు నావైపు వాలి ఉన్నాయి. కొన్నయితే కంచె తీగల్లోంచి బయటికే వచ్చాయి. కంచె దాటొద్దన్నావు, దాటలేదు. అవే దాటాయి.

ఏమయిందో చెప్పలేను. తుంచాను. అరచేతిలో నలిపి పొట్టు ఊదాను. గింజలు ఇంకా పాలు గట్టిపడుతూ మెత్తగా ఉన్నాయి. గుప్పెడు నోట్లో పోసుకుని నమిలాను. తియ్యగా ఉన్నాయిరా. ఎన్నేళ్లయిందో ఆ రుచి! నా తమ్ముడు నాకోసం చేసిన గోధుమ అనుకున్నాను. అక్కడే గట్టు మీద కూర్చుని మంచు విడి ఎండ వచ్చేదాకా నమిలాను. అంత సుఖంగా ఈమధ్య ఎప్పుడూ లేను.

ఇంటికొచ్చాక మొదలైంది. పాత కథే. వాంతులు, మెలిపెట్టే నొప్పి. మంచం దిగలేకపోయాను. మీ బావకి చెప్పకుండా దాద్దామనుకున్నాను కానీ కొంగున పొట్టు కనిపించింది. ఆయన ఒక్క మాటా అనలేదు. అదే భయం.

బాధపడకు. నీ గోధుమ కూడా నన్ను గుర్తుపట్టింది, అంతే.

మీ అక్క


ఏప్రిల్ 1

అక్కా అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిచూసుకో.

నువ్వు తిన్నది నా గోధుమ కాదు! కంచె పక్కన చుట్టూ ఉన్న వరసలు మామూలు గోధుమవి. లోపలి పుప్పొడి బయటికి పోకుండా అడ్డుగా చుట్టూ మామూలు గోధుమ వెయ్యాలని నియమం. మార్చినది మధ్యలో, ఆ కాస్త మడిలోనే ఉంది. కంచె దాటొద్దని రాశాను కానీ అంచు వరసల గురించి రాయలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

అయినా మధ్యలోది తిన్నా తప్పే. అది నీకు పడుతుందని ఇంకా ఎవరం చెప్పలేం. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. రెండోది, బావకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఇప్పుడే. ఆయన నా గోధుమ నిన్ను చంపబోయిందని అనుకుంటూ ఉంటాడు. మాట్లాడని మనిషి ఏం చేస్తాడో అని నాకు దిగులుగా ఉంది.

ఫోన్ ఎత్తవేం? బేకరీ ఫోన్ కూడా మోగి మోగి ఆగిపోతోంది.

నీ గింజ


ఏప్రిల్ 4

తమ్ముడూ,

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. మొదటి నుంచీ చెబుతాను.

నేను మంచంలో ఉన్నాను. బేకరీ మూసేశాం, ఫోన్ తీగ బావే లాగేశాడు, నన్ను పడుకోనివ్వాలని. ఆదివారం ఆరాధన తర్వాత సంఘం పొలం చుట్టూ నిలబడి ప్రార్థన చెయ్యడానికి వెళ్లిందట. ప్రార్థనే, ఇంకేమీ కాదు. వాగు మీదుగా పాట నా కిటికీ దాకా వినిపించింది. దూరం నుంచి వింటే ఎంత బాగుందో. నిద్రా మెలకువా కాని మగతలో, అమ్మ నిన్ను ఊపుతున్నట్టు అనిపించింది. పాట మధ్యలో ఆగిపోయింది.

బావ మాట్లాడాడట. పెళ్లిలో ప్రమాణం తర్వాత ఆయన నలుగురిలో మాట్లాడింది ఇదే. "నా భార్య ఇది తిని చావు దాకా వెళ్లొచ్చింది" అని, కంచె ఎక్కి లోపలికి దిగాడట. ఆయన వెనకే కుర్రాళ్లు, వాళ్ల వెనక పెద్దవాళ్లు. పాస్టరుగారు కంచె అవతల నిలబడి "వద్దు, వద్దు" అని అరుస్తూనే ఉన్నారట. మొత్తం పీకేశారు తమ్ముడూ. మధ్యలోదీ, అంచుదీ. అంతా.

బావ ఇంటికొచ్చేసరికి చేతులు ఆకుపచ్చగా ఉన్నాయి. పచ్చి గడ్డి వాసన. మంచం పక్కన కూర్చుని, "ఇంక నువ్వు అటు పోవు" అన్నాడు. తిట్టడానికి నాకు ఓపిక లేదు. మనసూ రాలేదు.

ఇంతవరకు రాసి పెట్టాక నీ ఉత్తరం వచ్చింది. బావకి చదివి వినిపించాను. "అంచు వరసలు మామూలు గోధుమవి" అన్న చోట మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. లేచి పిండి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

నా మీద కోపం ఉంటే రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

అక్క


ఏప్రిల్ 19

అక్కా,

రాయకుండా ఉండాలనే అనుకున్నాను. కొన్నాళ్లు గాజుగదిలో ఊరికే కూర్చున్నాను. నా సహోద్యోగులు నాతో మెల్లగా మాట్లాడుతున్నారు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

ఈలోగా బావ వచ్చాడు. నీకు ఊరికే పని ఉందని చెప్పి వచ్చాడట కదా. సంస్థ గేటు దగ్గర చేతిలో టోపీతో నిలబడ్డాడు. వాచ్‌మన్ ఎవరు కావాలంటే, "బామ్మర్ది" అన్నాడట, పేరు చెప్పకుండా. ఇక్కడ అందరం ఎవరో ఒకరి బామ్మర్దులమే కదా, నన్ను వెతికి పట్టుకునేసరికి ఎండ ఎక్కింది.

లోపలికి తీసుకొచ్చాను. తిడదామనే తీసుకొచ్చాను. విత్తనాలు దాచే చల్లటి గదిలో నిలబడి చుట్టూ చూశాడు. "అన్నీ పోయాయా?" అన్నాడు. నేను ఒక డబ్బా తీసి మూత విప్పాను. కిందటేడు గాజుగదిలో పండిన గింజలు కొన్ని దాచాం. వాటిని చూశాడు, ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఉన్నాయి" అన్నాడు. అంత పెద్దమనిషి గోడవైపు తిరిగి ఏడ్చాడక్కా. నేను తిట్టాల్సిన తిట్లన్నీ ఎక్కడికి పోయాయో. ఇద్దరం ఆ చలిలో ముక్కులు ఎర్రబడేదాకా నిలబడ్డాం.

మా డైరెక్టరు ఫిర్యాదు చేస్తానన్నారు. నేను వద్దని బతిమాలాను. ఊరు ఒప్పుకుంటే తప్ప అక్కడ మళ్ళీ విత్తేది లేదన్నారు. ఒప్పుకోదని నాకు తెలుసు.

నీ కడుపు ఎలా ఉంది? నిజం రాయి.

గింజ


మే 8

గింజా,

నిజం రాస్తున్నా. లేచి తిరుగుతున్నాను. బేకరీ తెరిచాం.

పాస్టరుగారు వచ్చారు. ముందు గదిలో కూర్చుని, ఒకరి పొలం పాడు చేసి వచ్చిన చేతులకి తను రొట్టె ఎలా అందించాలో తోచక నిద్ర పట్టడం లేదన్నారు. నిన్ను రమ్మన్నారు. ఈ నెలాఖరు శనివారం హాల్లో అందరికీ నీ నోటితో చెప్పాలట, వాళ్లు అడిగిందానికి జవాబివ్వాలట. "దాని గురించి నాకింకా ఏ నిర్ణయమూ లేదమ్మా. కానీ మొహం చూడని మనిషి గురించి ఇంక ప్రసంగించను" అన్నారు.

నేను సభకి రాను. నువ్వూ బావా, ఇద్దరిలో ఎవరు తలవంచుకున్నా చూడలేను. కానీ నువ్వు రా. తిట్టినా తింటావు, చిన్నప్పట్నుంచీ అలవాటేగా. ఆదివారం దాకా ఉండు.

ఇంటి తాళం ఎప్పుడూ వెయ్యం, తెలుసుగా.

మీ అక్క


జూన్ 2, రైల్లో

అక్కా,

రైలు కదిలి చాలాసేపయింది. పొలాలు వెనక్కి పోతున్నాయి, ఏది ఎవరిదో తెలియకుండా. నువ్వు ఎంత అడిగినా "బాగానే జరిగింది" అన్నాను, బావ కూడా అంతే అన్నాడు. మాటలు కుదుర్చుకోవడానికి నాకు కాస్త దూరం కావాల్సి వచ్చింది.

హాల్లో నేను తెచ్చిన బొమ్మలూ పటాలూ ఎవరూ చూడలేదు. నా మొహమే చూశారు. కుట్టుపని ముసలమ్మ మాత్రం, "నువ్వు ఆ గింజవేనా? నీ చొక్కాలు నేనే కుట్టేదాన్ని" అంది. నవ్వులు. అప్పుడు మిల్లు పెద్దాయన లేచాడు. కోపంగా లేడు. అలిసిపోయినట్టున్నాడు.

"ఒక్కటే అడుగుతా బాబూ. నీ గింజ మా గింజల్లో కలిసిపోయిందనుకో. నువ్వు దాన్ని వెనక్కి పిలవగలవా?"

కలవకుండా ఏమేం చేస్తామో చెప్పడానికి నోరు తెరిచాను. అంచు వరసలు, కంచె, దూరం, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ ఆయన అడిగింది అది కాదు.

"పిలవలేనండి" అన్నాను.

నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన తలాడించి, "ఆ మాట మీ బోర్డు మీద లేదు. రేడియోలోనూ చెప్పలేదు. నీకు తెలుసో లేదోనని నా భయం. తెలుసన్నమాట" అని కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ లేచాడు. "వాగు పక్కన వద్దు. కొండ వైపు నాకు బీడు ఉంది, దరిదాపుల్లో ఎవరూ గోధుమ వెయ్యరు. కోత రోజు నేను నిలబడి చూస్తా. ప్రభువు బల్ల మీదికి మాత్రం నేను బతికుండగా రానివ్వను" అన్నాడు. బడిపంతులు ఏదో అనబోతే పాస్టరుగారు చెయ్యి ఎత్తి ఆపారు. ఇంకా చాలామంది వద్దనే అన్నారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. కానీ ఆ బీడు మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. బావ గుమ్మం దగ్గర నిలబడి, కంచె తనే కడతానన్నాడు.

ఆ గోధుమ నీకు పడుతుందో లేదో నాకు తెలియదక్కా. దానికి డాక్టర్లున్నారు, పరీక్షలున్నాయి, ఏళ్లున్నాయి. పడకపోవచ్చు కూడా. ఇన్నాళ్లూ ఈ మాట నీకు చెప్పడానికి భయపడ్డాను. నిన్న స్తంభం పక్కన నీతో కూర్చున్నప్పుడు ఆ భయం పోయింది.

ఎందుకు పోయిందో చెబుతాను. నేను చర్చీ ఆరాధనా వదిలేసి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. రొట్టె పళ్లెం మన వరసకి వచ్చింది. నాకు గోధుమ పడుతుంది, తీసుకుంటే ఎవరూ కాదనరు. కానీ చెయ్యి లేవలేదు. పళ్లెం మనిద్దరినీ దాటిపోయింది. అది దాటేటప్పుడు ఎలా ఉంటుందో రేడియోలో ఎంతో చక్కగా చెప్పాను కానీ నిన్నటిదాకా నాకు తెలియదు. పాట మెల్లగా సాగుతోంది. కిటికీ రంగులు నీ చేతుల మీద, నా చేతుల మీద. లోకం అంతా మన స్తంభానికి అవతల ఎక్కడో ఉంది.

అప్పుడు నువ్వు నా చెవి దగ్గరికి వంగి, అందరూ కళ్లు మూసుకుని ఉన్న వేళ, "ఆకలేస్తోందారా?" అన్నావు.

నాకు నవ్వాగలేదు. నీకూ ఆగలేదు. చిన్నపిల్లల్లా కొంగు నోట్లో కుక్కుకుని నువ్వు, దగ్గినట్టు నటిస్తూ నేను. ముందు వరసలోంచి మిల్లు పెద్దాయన వెనక్కి తిరిగి చురచురా చూశాడు. చూసి, తల తిప్పేసుకున్నాడు. ఆయన భుజాలు కూడా ఊగుతూ ఉన్నాయక్కా. నువ్వు చూడలేదు, నేను చూశాను.

నీ గింజ